తాళం సూది

రొయ్యల షెడ్డు గేటు దగ్గర పొద్దున్న ఆరింటికల్లా బైరాగి ముక్కాలిపీట వేసుకుని కూర్చుంటాడు. ఒలుపుకొచ్చే ఆడవాళ్ళు వరస కడతారు. ఒక్కొక్కరే వచ్చి రెండు చేతులూ చాపుతారు. ముందు బోర్లా, తరవాత వెల్లకిలా. అతను చూస్తాడు. తలాడిస్తాడు. అదే అతని ఉద్యోగం.

అందులో చూడ్డానికేముందీ అనుకోవచ్చు. రొయ్య తల మీద రంపంలాంటి కొమ్ముంటుంది. ఎంత అలవాటు పడ్డ చేతికైనా ఒలిచేటప్పుడు ఏదో ఒకనాడు అది దిగుతుంది. దిగినచోట వాస్తే లోపల విషం పట్టినట్టు. వాయకపోతే ఏం లేనట్టు. కొందరికైతే కొమ్ము దిగక్కర్లేదు. రొయ్య నీళ్ళు తగిలితే చాలు, మోచేతుల దాకా దద్దుర్లెక్కి ఎర్రగా పొంగిపోతాయి. షెడ్డులో దానికో మాటుంది. చెయ్యి పలకడం అంటారు. "నీ చెయ్యి పలికింది, ఇంటికెల్లు" అంటే ఆ పూటకి పని లేదు. పలక్కపోతే లోపలికి. ఇరవై రెండేళ్ళుగా బైరాగి చేతులు పలికేది చూస్తున్నాడు. మనుషులతో అతను పలికేది మాత్రం తక్కువ.

వరసలో రెండొందల మంది ఉంటారు. అందులో ఒక్క జత చేతుల్ని ఆరేళ్ళుగా అతను చూడ్డం లేదు. అవి మరిడమ్మవి. అతని పెళ్ళాం.

మరిడమ్మకి రొయ్య పడదు. మొదట్లో పడేది, పోగా పోగా పడ్డం మానేసింది. చూస్తే ఇంటికి పంపాలి. పంపితే ఆమెకి చేతనైన పని ఇంకోటి లేదు. అందుకని ఆమె చేతులు చాపేసరికి బైరాగి పక్కనున్న ఐసు తొట్టి కేసి చూసేవాడు. ఆమె గబగబా లోపలికి పోయేది. వెనకాలే నిలబడ్డ సూరీడమ్మ ఊరుకునే రకం కాదు.

"ఏం బాబాయ్, పిన్ని సేతులు సూత్తే మోజు తీరిపోద్దనా?"

బైరాగి నవ్వేవాడు కాదు. "నీయి సూపించు" అనేవాడు.

సాయంత్రం ఇంటికొచ్చాక మరిడమ్మ గుమ్మానికి చేరబడి కూర్చునేది. గుండెల్లోంచి పిల్లికూతలు మొదలయ్యేవి. అతను వాము వేసి నీళ్ళు కాచి పట్టుకొచ్చేవాడు. ఆమె ఒక గుక్క తాగి, ఒకసారి ఊపిరి లాగి, మళ్ళీ ఒక గుక్క తాగేది. ఇద్దరూ ఏం మాట్లాడుకునేవారు కాదు. మాట్లాడే ఓపిక ఆమెకి లేదు, అలవాటు అతనికి లేదు.

ఆ రోజుల్లో రొయ్య పడని చేతులకి మందు కనిపెట్టాలని షెడ్డుకి డాక్టరు హైమవతి వచ్చింది. నలభై దాటిన మనిషి. సగం తల నెరిసింది. రంగు వేసుకోదు. పాత ఐసుగది ఖాళీ చేయించి రెండు బల్లలూ, ఒక మైక్రోస్కోపూ, తెల్ల ఎలకల పంజరాలూ పెట్టుకుంది. ఆమెకి రోజూ ఐసు తెచ్చిపెట్టే పని బైరాగిది.

ఒకరోజు మధ్యాహ్నం ఆమే పిలిచింది. "బైరాగి గారూ, ఇందులోకి చూడండి. మరిడమ్మ గారి చేతిలోంచి నిన్న ఆవగింజంత చర్మం తీశాను కదా, అదే."

అతను ఒక కన్ను మూసి చూశాడు. గుండ్రంగా ఏదో సంచిలా ఉంది. సంచి నిండా నల్లటి గింజలు.

"ఆవాలు పోసినట్టుందమ్మా."

"అలాగే అనుకోండి. వీటిని కాపలా కణాలంటాను నేను. చర్మం కింద, ముక్కులో, ఊపిరితిత్తుల్లో, పేగుల్లో, బయటి సరుకు ఎక్కడెక్కడ తగుల్తుందో అక్కడల్లా కూర్చుని ఉంటాయి. చూస్తూ ఉండండి." రొయ్యలు ఉడికించిన నీళ్ళు ఒక్క చుక్క వేసింది.

బైరాగి ఉలిక్కిపడి తల వెనక్కి తీశాడు. మళ్ళీ పెట్టి చూశాడు. కాగిన నూనెలో పోపు పెట్టినట్టు ఆ గింజలన్నీ చిటపటా పేలి బయటికి చిందుతున్నాయి.

"ఆ గింజల్లో ఉండే సరుకు హిస్టమిన్. దురదైనా, వాపైనా, పిల్లికూతైనా అదే. రొయ్య ఆవిడకి చేసే అపకారం ఏమీ లేదు. ఈ కాపలావాళ్ళే దొంగొచ్చాడనుకుని కేకలేస్తున్నారు."

"మాత్రలేసుకుంటాదండి అప్పుడప్పుడూ."

"అవి చిందిన ఆవాల్ని ఏరుకోవడం లాంటివి. నేను సంచి మూతే బిగించేస్తాను. ఒక్క సూది."

బైరాగి మైక్రోస్కోపు మీంచి తలెత్తాడు. "ఎన్నాళ్ళుంటాదమ్మా ఆ బిగింపు?"

"తీసేదాకా."

"తియ్యడం వచ్చా?"

"నేర్చుకుంటున్నాను" అంది హైమవతి.

ఆ మాట దగ్గర అతను ఆగవలసింది. ఆగలేదు. ఆరేళ్ళు పిల్లికూతలు విన్నవాడు. అలిసిపోయి ఉన్నాడు.

షెడ్డులో మొదటి సూది మరిడమ్మకే పడింది. మూడోనాటికి చేతులు మామూలు రంగుకొచ్చాయి. పదోరోజున ఆమె దోసెడు రొయ్యలు తెచ్చి చింతచిగురు వేసి వండింది. ఆ ఇంట్లో రొయ్య ఉడికి ఎన్నేళ్ళయిందో. బైరాగి ముద్ద కలిపి నోట్లో పెట్టుకోకుండా ఆమె మొహం కేసే చూస్తున్నాడు.

"ఏం సూత్తావు మావా? నా మొగం మీదేవైనా రాసుందా?"

"పెదాలు వాత్తాయేమోనని."

"వాయవు. తాళవేసేసారుగా" అని ఇంకో రొయ్య తీసి నవ్వింది. నవ్వితే మధ్యలో దగ్గు రాలేదు. అతను అప్పుడు ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

ఆమె అన్న మాటే షెడ్డులో నిలిచిపోయింది. తాళం సూది. "నువ్వు తాళవేయించుకున్నావటే?" అని ఒకళ్ళనొకళ్ళు అడిగేవారు. వేసవి దాటకుండా అందరూ వేయించుకున్నారు. నోటికి కూడా ఓ తాళం సూదుంటే సూరీడమ్మకి రెండేయించాలని గేటు దగ్గర పరాచికాలాడుకున్నారు. మేనేజరు గోపాలం మహా సంతోషంగా ఉన్నాడు. ఏడాదిలో ఒక్క చెయ్యీ పలకలేదు.

"ఇంక నీ పీట తీసి అటక మీద పెట్టెయ్యొచ్చు బైరాగీ" అన్నాడు.

అయినా పీట తియ్యలేదు. బయటి దేశాల కొనుగోలుదార్లు వచ్చినప్పుడు చేతులు చూసే మనిషంటూ ఒకడు కనపడాలి. బైరాగి కూర్చునేవాడు, చూసేవాడు. అన్నీ కడిగిన పళ్ళేల్లాంటి చేతులు. ఇప్పుడు మరిడమ్మ చేతులూ చూసేవాడు, అందరివాటికన్నా ఓ క్షణం ఎక్కువే చూసేవాడు.

ఒక సాయంత్రం ఆమె గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుతోంది. మోచేతి దగ్గర దోమ వాలి తాగుతోంది. పొట్ట ఎర్రగా నిండింది. పక్కన ఇంకోటి. ఆమె ఏరుకుంటూనే ఉంది.

"తోలుకోవేంటే?"

"దురదెయ్యదు మావా. తెలవదు కూడాను. తాగనీ, పాపం."

అతను వంగి కొట్టాడు. అరచేతికి నెత్తురంటింది. ఆమె చేతి మీద చిన్న బొడిపైనా లేవలేదు.

మర్నాడు ఐసు దించుతూ ఆ సంగతే హైమవతితో అన్నాడు. ఆమె రాస్తున్నది ఆపింది.

"తెలుసండి. నేనూ చూస్తున్నాను." కళ్ళజోడు తీసి కళ్ళు నలుపుకుంది. ఆమె కూడా సరిగ్గా నిద్రపోతున్నట్టు లేదు. "తాళంచెవి తయారైంది. తాళం వేసి ఏడాది రొయ్య నీళ్ళలో పెంచిన పది ఎలకలకి ఇచ్చాను. నాలుగు పోయాయి."

"ఏం?"

"మూత ఒక్కసారి తీసేసరికి ఒంట్లో ఉన్న సంచులన్నీ ఒకేసారి పేలాయి. ఊపిరాడలేదు వాటికి. తియ్యడం తెలిసేదాకా సూదులు ఆపమని గోపాలం గారితో మొదట్లోనే చెప్పాను. ఆయన వినలేదు. నేను గట్టిగా చెప్పవలసింది."

బైరాగి ఐసు మీద ఊక సర్ది బయటికి వచ్చేశాడు.

చెరువుల్లో రొయ్యల పట్టుబడి జోరుగా ఉన్న రోజులు. లారీ మీద లారీ వస్తోంది. ఆ మంగళవారం పొద్దున్న మరిడమ్మ గేటు దగ్గర చేతులు చాపింది. ఎడమ బొటనవేలి మొదట్లో నువ్వుగింజంత నల్లచుక్క కనపడింది.

"ఏంటిది?"

"నిన్న పోయేముందు కొమ్ము దిగింది."

"నొప్పా?"

"సలుపుతోంది. కంటి మీద కునుకు లేదు."

అతను తన బొటనవేలితో నొక్కి చూశాడు. చర్మం నున్నగా ఉంది. ఎరుపు లేదు. వేడి లేదు.

"వాయలేదుగా" అన్నాడు.

"వాయలేదు" అంది ఆమె.

తలాడించాడు. ఆమె లోపలికి పోయింది.

ఆరేళ్ళు చూడకుండా పంపిన చేతికి ఏం కాలేదు. చూసి పంపిన చేతికి అయింది.

మధ్యాహ్నానికి మరిడమ్మ చలి చలి అంటూ ఒలుపు బల్ల మీదే వాలిపోయింది. ఆటోలో టౌను ఆసుపత్రికి తీసుకెళ్ళేసరికి ఒళ్ళు కాలిపోతోంది. చెయ్యి మణికట్టు దాకా నీలం తిరిగింది. తిరిగిందే గానీ వాయలేదు. సన్నగా, మామూలుగా, మంచి చెయ్యిలాగే ఉంది. రంగొక్కటే మారింది.

ఆపరేషన్లు చేసే కోతల డాక్టరు కుర్రవాడు. రెండు మూడుసార్లు అటూ ఇటూ తిప్పి చూశాడు. "లోపలంతా కుళ్ళిపోయింది. ఇంత కుళ్ళిన చెయ్యి వాయకపోవడం నేనెప్పుడూ చూళ్ళేదు. ఉప్పునీటి పురుగు పట్టింది. మందులు పెడుతున్నాం గానీ చెయ్యి ఉంచితే మనిషి ఉండదు."

సాయంత్రం మోచేతి కింద వరకూ తీసేశారు. మర్నాడు పొద్దున్న కట్టుకి పైన మళ్ళీ నలుపు కనపడింది.

హైమవతి పరుగున వచ్చింది. జుట్టు ముడి ఊడిపోయి ఉంది. మరిడమ్మ మంచం పక్కన నిలబడి ఆ నలుపు కేసి చూసింది. తరవాత బైరాగిని వరండాలోకి తీసుకెళ్ళింది.

"నేను వాయలేదన్నానమ్మా" అన్నాడు అతను, ఆమె ఏమీ అడక్కముందే. "నొక్కి సూసి మరీ పంపేను."

"మీరు ఇరవై రెండేళ్ళుగా చూస్తున్నది నిజమే బైరాగి గారూ. నేనే దాన్ని అబద్ధం చేశాను." గోడకి ఆనుకుంది. "వాపంటే దారి. కాపలావాడు కేకేస్తే రక్తనాళాలు వదులై, నీరు దిగి, నెత్తుట్లో ఉన్న సిపాయిలు అక్కడికి పరిగెడతారు. ఆవిడ చేతిలో కేక వేసేవాడి నోరు నేను నొక్కేశాను. దొంగ లోపలికొచ్చి ఇల్లంతా తిరుగుతున్నాడు. సిపాయిలు ఉన్నారు, వాళ్ళకి తెలీదు."

"ఇప్పుడేం సేత్తారు?"

"వాళ్ళేమో మోచెయ్యి, ఆ తరవాత భుజం దాకా తీస్తామంటున్నారు. ఆగుతుందో లేదో చెప్పలేమంటున్నారు. నా దగ్గర తాళంచెవి ఉంది. నాలుగు ఎలకలు పోయిన సంగతి మీకు తెలుసు. చుక్క చుక్కగా ఎక్కిస్తే ఒకేసారి పేలవని అనుకుంటున్నాను. అనుకోవడమే."

బైరాగి లోపలికి వెళ్ళి మంచం పక్కన కూర్చున్నాడు. జ్వరంలో ఉన్నా మరిడమ్మకి తెలివుంది. అతను చెప్పాల్సినదంతా చెప్పాడు. పెళ్ళయ్యాక అతను అన్ని మాటలు వరసగా మాట్లాడ్డం అదే మొదటిసారేమో.

ఆమె కళ్ళు మూసుకుని వింది. "కోసుకుంటా పోతే నేనేం మిగుల్తాను మావా? నాకోపిక లేదు. తియ్యమను తాళం."

కోతల డాక్టరు కాసేపు వాదించి, ఆనక ఒప్పుకున్నాడు. గుండెని నిలబెట్టే సూది నింపుకుని నర్సు ఒక పక్క నిలబడింది. రెండో పక్క హైమవతి. మందు చుక్కలు చుక్కలుగా దిగుతోంది. పావుగంట ఏమీ లేదు. అప్పుడు మరిడమ్మ కాలు కదిపింది.

"మావా... అరికాలు దురదెడతంది."

తరవాత మెడ మీద దద్దుర్లు లేచాయి. పెదాలు పొంగాయి. కళ్ళు మూసుకుపోయాయి. గుండెల్లో పిల్లికూతలు బయల్దేరి, సన్నబడి, ఒక్కసారిగా ఆగిపోయాయి. కూత ఆగితే బాగైనట్టు కాదని బైరాగికి అప్పుడు తెలిసింది. హైమవతి అరిచింది. తొడకి సూది పడింది. ఇంకోటి పడింది. మూతికి గాలి గొట్టం పెట్టారు. అతను ఆమె మంచి చెయ్యి పట్టుకుని నిలబడ్డాడు. ఎంతసేపో అతనికి తెలీదు. అడిగితే ఒక పూటంటాడు. నర్సు నాలుగు నిమిషాలంది.

ఊపిరి తిరిగింది.

సాయంత్రానికి కట్టుకి పైనున్న చెయ్యి వాచింది. పొయ్యి మీంచి దించిన కుండలా ఎర్రగా, వేడిగా, లావుగా వాచింది. కోతల డాక్టరు నలుపు అంచున పెన్నుతో గీత గీశాడు. పొద్దున్నకి నలుపు ఆ గీత దాటలేదు. రెండోరోజుకి కిందికి జారింది. కుర్ర డాక్టరు ఆ గీత కేసి చూసి చూసి, కుర్చీలో కూలబడి, టీ తెప్పించుకున్నాడు.

గోపాలం ఫోను చేశాడు. "ఇంట్లో ఏదో మేకు గుచ్చుకుందని చెప్పు బైరాగీ. ఖర్చంతా మేం చూసుకుంటాం."

బైరాగి వింటూ ఉండి పెట్టేశాడు.

ఆదివారం షెడ్డుకి సెలవు. ఇరవై మంది ఆడవాళ్ళు వచ్చి మరిడమ్మ మంచం చుట్టూ నిలబడ్డారు. లేని చెయ్యి కేసి ఎవరూ సూటిగా చూడ్డం లేదు. సూరీడమ్మ ఒక్కతే చూసింది.

"మేకంట కదా?"

"మేకు కాదు" అన్నాడు బైరాగి. "షెడ్డులో కొమ్ము దిగింది. నేనే సూసి లోపలికి పంపేను. వాయలేదని పంపేను."

అందరూ తమ తమ చేతుల కేసి చూసుకున్నారు. హైమవతి గుమ్మం దగ్గరే ఉంది. ముందుకొచ్చి అంతా చెప్పింది. కాపలాలూ, తాళమూ, నాలుగు ఎలకలూ, మరిడమ్మ ఊపిరి ఆగిన నాలుగు నిమిషాలూ. ఏదీ తగ్గించి చెప్పలేదు. తాళం ఉంచుకుంటే ఎప్పుడో ఏదో గుచ్చుకుంటుంది, తెలీదు. తీయించుకుంటే ఆ నాలుగు నిమిషాలు రావచ్చు, దాటకపోవచ్చు.

"బాగుందమ్మా" అంది సూరీడమ్మ. "మా వొళ్ళు గనక పొడిసేసేరు. మీ వొంటికైతే పొడుసుకుందురా ఇలాంటిది?"

హైమవతి మరో అడుగు ముందుకి వేసింది. "పొడుచుకున్నాను. మరిడమ్మ గారికి ఇచ్చేముందు నాలుగు నెలలు నామీద చూసుకున్నాను. నాకూ రొయ్య పడదు, చిన్నప్పట్నుంచీ. ఇప్పటికీ ఆ తాళం నాలోనే ఉంది."

సూరీడమ్మ కొంగు నడుముకి దోపింది.

"అయితే ముందు మీది తియ్యండి" అంది సూరీడమ్మ. "మేం సూత్తాం. ఆనక మా సంగతి సెప్తాం."

అందులో కసి ఎంతుందో, భయం ఎంతుందో ఆమెకే తెలిసుండదు.

"న్యాయమే. రేపే తీయించుకుంటాను" అంది హైమవతి.

కోతల డాక్టరు కాగితం తెచ్చాడు. పక్కన ఉండే మనిషి సంతకం కావాలన్నాడు. ఆమె కాగితం అటూ ఇటూ తిప్పింది.

"మీకెవరున్నారమ్మా?" అన్నాడు బైరాగి.

"అమ్మ ఉండేది. పోయి తొమ్మిదేళ్ళయింది."

అతను చెయ్యి చాపి కాగితం తీసుకున్నాడు. ఒక్కొక్క అక్షరం పేర్చుకుంటూ పేరు రాశాడు. మంచం మీంచి మరిడమ్మ చూస్తోంది. కోపంగా ఉందేమోనని అతను ఓ చూపు చూశాడు.

"నన్నూ తీసుకెల్లండి రేపక్కడికి" అంది ఆమె. "ఎలాగుంటాదో తెలిసింది నాకేగా."

సోమవారం పది గంటలకి హైమవతిని మంచం మీద పడుకోబెట్టారు. మరిడమ్మ చక్రాల కుర్చీలో తలాపిన కూర్చుంది. బైరాగి కాళ్ళ వైపు నిలబడ్డాడు. ఆడవాళ్ళు పనికి డుమ్మా కొట్టి వరండాలో గుంపుగా చేరారు. మొదటి చుక్క దిగింది.

"మాటాడతా ఉండండి డాట్రమ్మగారూ" అంది మరిడమ్మ. "నోరాపకండి. మాటుంటే ఊపిరున్నట్టే."

"ఏం మాట్లాడను?"

"మీ అమ్మగారేం వండేవోరో సెప్పండి."

హైమవతి పైకప్పు కేసి చూసింది. "మా అమ్మా... చేపల పులుసు పెట్టేది. మా ఇంట్లో రొయ్య రానిచ్చేది కాదు, నా గురించి. చేపలు మాత్రం ఆదివారం ఆదివారం. మట్టి దాకలో." మెడ గోక్కుంది. దద్దురు లేస్తోంది. "చింతపండు వేసేది కాదు. మామిడికాయ వేసేది."

"మామిడికాయ లేని రోజుల్లోనో?"

"ఒరుగులు దాచేది." గొంతు బొంగురుపోయింది. పెదాలు ఉబ్బుతున్నాయి. నర్సు సూది పైకెత్తింది. హైమవతి అప్పుడే వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది.

"దాకెడు పులుసుకి ఎన్ని కాయలేసేవోరు?" అంది మరిడమ్మ, ముందుకి వంగి.

హైమవతి నోరు తెరిచింది. మాట రాలేదు. రెండు వేళ్ళు ఎత్తి చూపించింది.

"ఇప్పుడెయ్యండి సూది" అన్నాడు బైరాగి.

నర్సు కుర్ర డాక్టరు కేసి చూడలేదు. వేసేసింది. మందు గొట్టం కట్టేశారు, గాలి పెట్టారు. వరండాలో ఎవరో దేవుడి పేరు గొణుగుతున్నారు. హైమవతి ఛాతీ ఎగిరెగిరి పడి, కాసేపు అసలు ఎగరక, తరవాత మెల్లగా, అలిసిపోయిన మనిషి మెట్లెక్కినట్టు, ఎగరడం మొదలుపెట్టింది.

చాలాసేపటికి గొట్టం పక్కకి జరిపి ఏదో అంది. మరిడమ్మ చెవి దగ్గరగా పెట్టింది.

"ఏవంటన్నారు?" గుమ్మంలోంచి సూరీడమ్మ అడిగింది.

"పుల్లటి కాయలంట. తీపెక్కినియ్యి పనికిరావంట."

సూరీడమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. వెనకున్న వాళ్ళ కేసీ, మంచం కేసీ చూసింది.

"రేపు మా ఈదికి నీళ్ళొచ్చే రోజు" అంది. "నాది ఎల్లుండి పెట్టుకోండి."